కదిలేవి కాళ్లే... మరి వేటాడదా?

అపార్ట్‌మెంట్లో పిల్లిని పెంచుకునేవాళ్లని కదిపి చూడండి. 'పగలంతా సోఫా మీద ముడుచుకు పడుకుంటుంది. తెల్లారకముందే లేచి హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి ఒకటే పరుగులు. దుప్పట్లోంచి కాలివేళ్లు బయటికొస్తే కొరికేస్తుంది' అంటారు. కొన్నాళ్లు ఓర్చుకుని చివరికి 'ఎవరికైనా ఇచ్చేద్దాం' అనేదాకా వెళ్తుంది వ్యవహారం. పిల్లలేమో ఏడుపు!

నిజానికి అది పొగరు కాదు. పిల్లికి ఒళ్లు హుషారెక్కేదే చీకటిపడే వేళ, తెల్లవారుజామున. వేటకు వెళ్లే సమయాలవి. పెంకుటిల్లయితే అటకా, పెరడూ, గోడలూ ఉండేవి. మూడో అంతస్తు ఫ్లాట్‌లో కదిలేవి మన కాళ్లే.

కాబట్టి ఆ వేటేదో మనమే ఏర్పాటు చేయాలి. ఖరీదైన బొమ్మలక్కర్లేదు. సన్నటి కర్రకు తాడు కట్టి, చివర గుడ్డపీలిక ముడేస్తే చాలు. కిటుకంతా ఆడించడంలోనే ఉంది. చాలామంది దాన్ని పిల్లి ముఖం మీదే ఊపుతుంటారు. ఏ ఎలుకైనా ఎదురొచ్చి గంతులేస్తుందా? దూరంగా పాకించండి. తలుపు చాటుకు లాగండి. కాసేపు కదలకుండా ఉంచండి. పిల్లి నేలకు కరుచుకుని వెనకభాగం అటూఇటూ ఊపుతోందంటే దూకబోతోందన్నమాట. మధ్యమధ్య దొరకనివ్వాలి, చివర్లో తప్పకుండా దొరకాలి. వెంటనే రాత్రి తిండి పెట్టేయండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర... దాని వరస అది. మీరు పడుకోబోయే ముందు పది నిమిషాలు ఇలా రోజూ ఆడిస్తే తెల్లవారుజాము గోల చాలావరకు తగ్గుతుంది.

ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు బయట తిరిగే పిల్లుల మీద చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడిస్తే అవి ఇంటికి పట్టుకొచ్చే వేట పావు వంతు తగ్గిందట!

లేజర్ లైటుతో ఆడిస్తే ఎంత తరిమినా ఏమీ దొరకదు, చిరాకే మిగులుతుంది. చేతివేళ్లతో అసలు ఆడించొద్దు. కూనగా ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది, పెద్దయ్యాక తెలుస్తుంది ఆ కొరుకుడు! ఆట కాగానే తాడు బీరువాలో పెట్టేయండి. దారం మింగితే పేగులకే ప్రమాదం. నోట్లోంచో, వెనకనుంచో కొస కనబడినా లాగకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

'కుక్కకైతే నేర్పొచ్చు, పిల్లికేం నేర్పుతాం' అంటారా? లంచం ఉంటే పిల్లీ నేర్చుకుంటుంది. ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన గోరంత చికెన్ ముక్కను ముక్కు పైనుంచి తల వెనక్కి మెల్లగా జరపండి. చూపు పైకెత్తుతూ చతికిలబడుతుంది. ఆ క్షణంలోనే పెన్ను టిక్కుమనిపించి ముక్క ఇవ్వండి. రోజుకు రెండు మూడు నిమిషాలు చాలు. కూర్చోవడం వచ్చాక ఇదే పద్ధతిలో బుట్టలోకి వెళ్లడం నేర్పండి. మొదట తల పెట్టినా ముక్క ఇవ్వాలి, తర్వాత రెండు కాళ్లు పెడితే. మూత వేయడం అన్నిటికన్నా చివర. టీకా రోజున మంచం కిందినుంచి దాన్ని లాక్కురావడం, చేతులు గీరించుకోవడం తప్పుతాయి.