తేనెటీగకు పట్టా అక్కర్లేదు, మా అమ్మకు కావాలి

(నేల ముచ్చట్లు – 7)

ఈ ఎండాకాలం నా విద్యార్థులు ముగ్గురు ఒకే తీరు వీడియోలు పంపారు. ఊరవతల తోట, చెక్క తేనెపెట్టెలు, తెల్ల లాల్చీ వేసుకున్న యజమాని, వెనక వేణువు పాట. "నగరం వదిలేశాం, ప్రకృతి ఒడిలోకి వచ్చేశాం" అని కింద రాత. "మేడమ్, మనవాళ్లు ఇట్లా ఎందుకు బతకరు?" అని అందులో ఒకమ్మాయి అడిగింది.

మనవాళ్లు అట్లనే బతుకుతున్నరు తల్లీ. వాళ్లు బతికితే దాన్ని ప్రకృతి జీవనం అంటారు. మనం బతికితే పేదరికం అంటారు.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో మా అమ్మ పేరు మీద ఎకరం ముప్పై గుంటల అసైన్డ్ భూమి ఉంది. మంచి నేలలన్నీ ఊళ్లో పంచుకోగా మిగిలిన గుట్టపక్క చెలక. రాళ్లు ఏరి గట్టు పెట్టడానికే మా నాయినకు నాలుగేండ్లు పట్టింది. నాగలి దిగని మూలలు వదిలేస్తే అక్కడ వేప, కానుగ, రేగు, తంగేడు వాటంతటవే మొలిచాయి. చుట్టూ ఉన్న పెద్ద చేన్లలో గట్లు కూడా దున్నేసి పత్తి పెడతారు. అందుకే ఎండాకాలం వచ్చిందంటే పిట్టా పురుగూ అంతా మా చెలకలోనే.

మార్చిలో వేప పూస్తుంది, ఆ వెనకాలే కానుగ. కానుగ కింద నిలబడితే చెట్టంతా జుమ్మని మోగుతుంది. రేగు పొదలో చిన్న తేనెటీగల పట్టు ఉంది, అరచేయంత, పుల్లకు వేలాడే ఒకే ఒక్క రేకు. చీమలు ఎక్కకుండా ఆ ఈగలు పుల్లకు జిగురు పూసుకుంటాయి. వేప తొర్రలో ఉన్నవి ఇంకో రకం. ఎండ ముదిరితే కొన్ని నీళ్లు మోసుకొస్తాయి, కొన్ని రెక్కలతో విసురుతాయి. ఆ తడి ఆరుతుంటే పట్టు చల్లబడుతుంది. ఆ నీళ్లు అమ్మ పెట్టిన కుండపెంకువి. ఈగలు మునిగి చావకుండా అందులో గులకరాళ్లు వేసింది. ఉడుత, పికిలిపిట్ట తాగేదీ అక్కడే. వచ్చే ఈగ కోసం తొండ కాపలా కాసేదీ అక్కడే.

ఇది అమ్మకు ముచ్చట కాదు, బతుకు లెక్క. దోసపాదుకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఈగ వాలకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. పోయిన ఎండాకాలం పక్క చేను ఆసామి వంకాయ తోటకు పొద్దున్నే, పూలు విచ్చే వేళకే మందు కొట్టించాడు. కొట్టింది మా వాడ పిల్లగాడే, మూతికి తువ్వాల చుట్టుకొని. మూడు రోజులు కుండపెంకు చుట్టూ చచ్చిన ఈగలు. ఆ ఏడు దోస సరిగ్గా కాయలేదు. పొద్దుగూకినాక కొట్టించమని అమ్మ అడిగితే "మీ ఈగల కోసం మా పంట ఆపుకోవాల్నా?" అన్నాడు. ఆ 'మీ'లో ఈగలొక్కటే లేవు. మాకు బోరు లేదు, పైసలిచ్చి నీళ్లు పెట్టుకునేది ఆయన బోరు కిందే. అమ్మ మారుమాట్లాడలేదు.

దళిత సాహిత్యంలో ప్రకృతి లేదని నా పిహెచ్‌డీ రోజుల్లో సెమినార్లలో తరచూ వినేదాన్ని. గిజిగాడి మీద, సాలీడు మీద పద్యాలు రాసింది జాషువానే కదా! కాళిదాసు యక్షుడికి మేఘం దూత అయింది. 1941 నాటి 'గబ్బిలం'లో అంటరానివాడి కబురు మోసేది గబ్బిలం. అది అతని గుడిసెలోకీ వస్తుంది, అతను అడుగుపెట్టలేని గుడిలోకీ పోతుంది. గబ్బిలానికున్న ప్రవేశం మనిషికెందుకు లేదన్న ప్రశ్న మన ప్రకృతి కవిత్వం. ఇవాళ ఆ ప్రశ్న నేల గురించి అడగాలి.

2011 జనగణన ప్రకారం దేశంలో మనం 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన చేతిలో ఉన్న సాగుభూమి 9 శాతం లోపే. ఆ కొంచెమూ ఎంత గట్టిగా ఉంది? 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని కొన్నా చెల్లదు. అయినా పోయిన నెల ఒక ఏజెంటు వచ్చి చెట్లు చూశాడు, ఫోటోలు తీశాడు, "కాగితాల సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. మా అమ్మ బతికించిన ఈగల చప్పుడుకే ఇప్పుడు ధర కడుతున్నారు! సర్కారు తీసుకున్నా మన నేలకు విలువ తక్కువే కట్టేవారు. పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పాల్సొచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్ 20 ఏండ్లు దాటిన అసైన్డ్ భూములకు అమ్ముకునే హక్కు ఇచ్చింది. పక్కవాడికున్న హక్కు మనకు వద్దని నేననను. కానీ బోరు లేనివాళ్లకు, అప్పు పుట్టనివాళ్లకు అది హక్కుగా మిగలదు, అమ్ముకోక తప్పని గతి అవుతుంది.

బాబాసాహెబ్ 1918లోనే చిన్న కమతాల మీద వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదు, దానికి తోడున్న పెట్టుబడి, పనిముట్లతో తేలుతుందన్నారు. మా చెలకకు ఎకరాల కన్నా ముందు తక్కువైంది బోరు. తోడు దొరికితే ఏమవుతుందో జహీరాబాద్ వైపు చూడండి. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు బీడు నేలల్లో పాతపంటలు నిలబెట్టారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

కాబట్టి భూమి అడిగినప్పుడు బోరు, బాట, బ్యాంకు అప్పు కలిపే అడుగుదాం. పూతవేళ మందు కొట్టొద్దని గ్రామసభలో తీర్మానం పెట్టిద్దాం. తేనెటీగల గురించి మాట్లాడే హక్కు ఫామ్‌హౌసులకు వదిలేయొద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవుల్లో ఇంటికి పోతున్నారు కదా. అమ్మ దగ్గరున్న పాసుపుస్తకం తీసి చూడండి. ఆన్‌లైన్ రికార్డులో గుంటలు సరిపోయాయా, పేరు అమ్మదేనా చూడండి. హద్దులు తిరిగి రండి. ఏ గట్టు మీద ఏ చెట్టుంది, ఏ నెలలో ఈగ వాలుతుంది, అమ్మనడిగి రాసుకోండి. రేపు ఎవడైనా "ఇది పడావు భూమి" అంటే ఆ కాగితం ముందు పెట్టడానికి పనికొస్తుంది.

వచ్చే భాగంలో అసైన్డ్ భూమి కాగితాలు ఎట్లా చదవాలో మాట్లాడుకుందాం.

జై భీమ్.