బాకాలో మ్రోగేది ఇత్తడి కాదు

లోహానికీ నాదానికీ ముడిపెట్టడం మనకు తాతలనాటి అలవాటు. గొంతు ఖణేలుమంటే కంచుకంఠమంటాం. గుడిగంటకూ, తాళాలకూ, జేగంటకూ కంచే కావాలంటాం. గంటల విషయంలో ఆ పట్టుదల న్యాయమైనదే. కొట్టినప్పుడు కంపించేది ఆ లోహమే కాబట్టి, రాగిలో తగరమెంత కలిసిందన్నది చెవికి తెలిసి తీరుతుంది. అదే నమ్మకాన్ని వెంటబెట్టుకుని ట్రంపెట్ కొనబోయినప్పుడే చిక్కు వస్తుంది.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు చాలామంది బడి బ్యాండులో చేరుతున్నారు. మొదట్లో అద్దె వాద్యంతో నెట్టుకొస్తారు. ఉన్నత పాఠశాలకు చేరాక సొంతది కావాలంటారు. అప్పుడు తల్లిదండ్రుల ముందు ఒక పట్టిక పడుతుంది. బెల్, అంటే గరాటులా విచ్చుకునే ఆ చివరిభాగం, పసుపు ఇత్తడిది కావాలా, గోల్డ్ బ్రాస్‌దా, రోజ్ బ్రాస్‌దా? పైన ల్యాకర్ పూతా, వెండిపూతా? ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క ధర, ఒక్కొక్క విశేషణం: ఇది వెచ్చని నాదం, అది మెరుపు నాదం. వృత్తి వాద్యకారులు వాడే తరగతిలో కొత్త బాకా మూడువేల డాలర్లు దాటుతుంది. ఆ సొమ్ములో కొంత ఈ విశేషణాలకు పోతుందన్నదే నా అభ్యంతరం. కూతురి కోసం బాకా వెతుకుతున్న ఒక మిత్రుడికి వ్రాసిన జాబును విస్తరించి ఇక్కడ పెడుతున్నాను.

ముందు పేర్ల సంగతి. గోల్డ్ బ్రాస్‌లో బంగారం రవ్వంత కూడా ఉండదు. పసుపు ఇత్తడి అంటే నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. తూటాల తొడుగులకు వాడేదీ ఇదే. ఎంత సాగదీసినా చిట్లని గుణం దీనిది. రాగి 85 పాళ్లయితే గోల్డ్ బ్రాస్, 90 అయితే రోజ్ బ్రాస్ లేక రెడ్ బ్రాస్ అంటారు. ఈ పేర్లు కంపెనీని బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి కూడా. రాగి పెరిగినకొద్దీ రంగు ఎరుపెక్కుతుంది. సాంద్రత మాత్రం ఘన సెంటీమీటరుకు 8.5 గ్రాముల నుంచి 8.8 దాకా, అంతే పెరుగుతుంది. కంటికి కనబడే తేడా కొట్టొచ్చినట్లుంటుంది, తూకంలో తేడా స్వల్పం.

బాకాలో మ్రోగేది గాలి. పెదవుల కంపనం గొట్టంలోని గాలిని ఊపుతుంది. ఇత్తడి ఆ గాలికి హద్దుగా నిలుస్తుంది. మామూలు బి-ఫ్లాట్ ట్రంపెట్‌ను సాపు చేస్తే సుమారు 148 సెంటీమీటర్ల గొట్టం. అది ఎక్కడ సన్నగా ఉంది, ఎక్కడ వెడల్పవుతోంది, చివర ఎంత వడిగా విచ్చుకుంటోంది అన్నవే స్వరాల పొందికనూ, నాదపు రంగునూ నిర్ణయిస్తాయి. కాలువ నీళ్లు గట్టు వంపును బట్టి పారతాయి గాని, గట్టు ఎర్రమన్నా నల్లమన్నా అని అడిగి పారవు. బాక్ కంపెనీ బాకాల్లో 37, 72 అని బెల్ సంఖ్యలుంటాయి. అవి లోహాన్ని చెప్పవు, విచ్చుకునే తీరును చెబుతాయి. ఒకే ఇత్తడితో చేసిన ఈ రెండింటి మధ్య తేడా వాయించేవారికి తెలుస్తుంది. పట్టికలో తీరిగ్గా చదవవలసిన అంకె అదీ, రంగు గడి కాదు.

ఇది నా ఊహాగానం కాదు. బాకాలు చేయడంలో ఆరితేరిన రిచర్డ్ స్మిత్ అనే ఆంగ్లేయుడు వేర్వేరు మందాల ట్రాంబోన్ బెల్‌లు తయారుచేసి, బరువులో తేడా చేతికి తెలియకుండా సరిచేసి, కళ్లకు గంతలు కట్టి పేరున్న వాద్యకారుల చేత వాయింపజేశాడు. ఏది ఏదో వారు గుర్తుపట్టలేకపోయారు. ఆ వ్యాసం 1986లో వచ్చింది. అయితే కథ అక్కడితో ముగియలేదు. ఫ్లారిడాలోని రోలిన్స్ కళాశాలలో థామస్ మూర్ బృందం ట్రంపెట్ బెల్‌ను ఇసుకతో కదలకుండా బిగించి, వదిలేసి, రెండు విధాలా నాదాన్ని కొలిచింది. 2005లో ప్రచురించిన ఆ ఫలితాల్లో తేడా ఉంది. చిన్నదే, కానీ ఉంది. కాబట్టి లోహం ప్రభావం సున్నా అని బల్లగుద్దే పెద్దమనిషితోనూ నాకు పేచీయే. నా మాటల్లా దాని స్థానం గురించి: ఆకారం తర్వాత, రేకు మందం తర్వాత, దాన్ని కాల్చి మెత్తబరచిన తీరు తర్వాత ఎక్కడో దాని వంతు వస్తుంది.

మరి ముప్పయ్యేళ్లుగా వాయిస్తున్నవారు గోల్డ్ బ్రాస్ వెచ్చగా పలుకుతుందని ఒట్టేసి చెబుతారే? వారు అబద్ధమాడుతున్నారనను. వాయించేవాడి చెవి బెల్ వెనకాల ఉంటుంది, శ్రోత చెవి ముందుంటుంది. ఇద్దరూ వినేది ఒకటి కాదు. చేతికి తగిలే అదురు, బరువు, కుదురు కూడా వాద్యకారుడి మనసులో నాదంలో కలిసిపోతాయి. 1953లో డిజ్జీ గిలెస్పీ బాకా మీద ఎవరో పడి బెల్ పైకి వంగిపోయింది. ఆ వంపుతో తన నాదం తనకే బాగా వినబడుతోందని ఆయన తర్వాత అలాగే చేయించుకున్నాడు. తనకు వినబడే తీరు కళాకారుడికి ఎంత ముఖ్యమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. అందుకే మా మిత్రుడికి చెప్పాను: అమ్మాయి చేత రెండు మూడు బాకాలు వాయించి చూపించు, నువ్వు మాత్రం వీపు తిప్పి విను; ఆమెకు ఏది సుఖంగా ఉందో అది కొను. రంగు పేరు ఆ తర్వాత అడుగు.

ఇక పైపూత. ల్యాకర్ అంటే వార్నిష్ వంటి పారదర్శకమైన పూత. చికాగో సింఫనీలో వాయించి, పిమ్మట సొంతంగా బాకాలు చేసిన రెనాల్డ్ షిల్కీ, ల్యాకర్ నాదాన్ని మారుస్తుందనీ, పలుచని వెండిపూత మార్చదనీ వాదించాడు. ఈ వాదంలోకి నేను దిగను, ఎందుకంటే పూతను ఎంచుకోవలసిన కారణం వేరే ఉంది: మీ చెమట. కొందరి చేతి చెమట పట్టున్నచోట ల్యాకర్‌ను ఏడాది తిరక్కుండా తినేస్తుంది, కింద ఇత్తడి కిలుమెక్కుతుంది. అటువంటి చేతులకు వెండి మేలు. వెండి గాలిలోని గంధకానికి నల్లబడుతుంది, తుడుస్తూ ఉండాలి. తుడిచే ఓపిక లేనివారికి ల్యాకరే దిక్కు. నికెల్ పడని చర్మాలు కొన్నుంటాయి, వారు నికెల్ పూత జోలికి పోరాదు.

ఈ సంగతి మన బ్యాండుమేళం వాళ్లకు ఏ శాస్త్రమూ చెప్పకుండానే తెలుసు. మన దేశంలో బ్యాండు వాద్యాలకు మీరట్‌లోని జలీ కోఠీ పెట్టింది పేరు. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885 నాటిది. మా సముద్రపుగాలి ఊళ్లో ఒక బ్యాండు మాస్టారు కొత్త బాకా రాగానే, చేయి పట్టేచోట గుడ్డపీలిక చుట్టి కుట్టేసేవారు. వైశాఖమాసపు ఎండలో ఊరేగింపు మూడు వీధులు తిరిగేసరికి ఆ గుడ్డ తడిసి ముద్దయ్యేది, లోపలి పూత పదిలంగా ఉండేది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే తోలు తొడుగులు చేసేదీ ఆ పనే. అన్నట్టు, బిందెలు తోమినట్లు చింతపండుతో బాకా తోమే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి. అది ల్యాకర్‌కూ వెండికీ చేటు.

రాగి ఎక్కువున్న ఇత్తడి నిజంగా పనికివచ్చే చోటొకటుంది, పట్టికలో దానికంత ఆర్భాటం ఉండదు. మౌత్‌పీస్ దూర్చే మొదటి గొట్టాన్ని లీడ్‌పైప్ అంటారు. ఊపిరి తేమ, ఉమ్మి మొదట చేరేది అందులోకే. నాళ్లు గడిచేకొద్దీ పసుపు ఇత్తడిలోని జింకు కరిగిపోయి, బోలుపడ్డ రాగి మిగులుతుంది. పైకి గులాబీరంగు మచ్చలుగా కనబడే ఈ రోగాన్ని రెడ్ రాట్ అంటారు. చివరకు గొట్టానికి చిల్లి పడుతుంది. 85 పాళ్లకు తక్కువ కాకుండా రాగి ఉంటే ఇది సాధారణంగా రాదు. బెల్ ఎర్రగా ఉండాలని అదనంగా చెల్లించే వారు ఆ సొమ్ముతో లీడ్‌పైప్ ఎర్రనిది తీసుకుంటే పదేళ్లు నిశ్చింత.

సెకండ్‌హ్యాండ్ బాకా కొనేవారు పూత పోయిందని బేరం వదులుకోవద్దు. మళ్లీ పూత వేయించి మిలమిల మెరిసేదాన్నే అనుమానించండి. కొత్త పూతకు ముందు ఇత్తడిని అరగదీస్తారు, రేకు పలచబడుతుంది. ఏ మీటా నొక్కకుండా ఒక వాల్వు తాలూకు చిన్న గొట్టాన్ని మెల్లగా పూర్తిగా లాగండి. ఊడివచ్చేటప్పుడు టప్పుమంటే ఆ పిస్టన్ బిగువుగా ఉన్నట్లే. చప్పుడు లేకపోతే, వెండి కాదు కదా బంగారమే పూసి ఇచ్చినా నమస్కారం పెట్టి వచ్చేయండి. మైల్స్ డేవిస్ నీలం, నలుపు రంగుల బాకాలు చేయించుకున్నాడు. అది ఆయన సరదా. సరదాకు సరదా అని చెప్పి డబ్బు పెట్టేవారితో నాకే తగవూ లేదు.

పూత విషయంలో నేను పట్టుబట్టేది మౌత్‌పీస్ దగ్గర. అది పెదవిని తాకేది. దాని మీద వెండి అరిగి ఇత్తడి బయటపడితే, మిగతా బాకా ఎంత కొత్తదైనా, ముందు దాన్ని మార్చండి. వెండి పడనివారికి బంగారుపూతవి దొరుకుతాయి.