తలుపు బిగించుకున్న నత్త

వేసవిలో కర్నూలు, కడప పల్లెపట్టుల్లో రాతిగోడల సందుల్లోనో, చెట్ల మొదళ్ళలోనో కరుచుకొని ఉన్న నత్తగుల్లలు కనబడుతూంటాయి. చచ్చినవే అనుకొని పిల్లలు పీకి పారవేస్తారు. కాని గుల్ల నోటికి కాగితంవంటి పలచని పొర కట్టి ఉన్నదేమో చూడండి. పొర ఉంటే, లోపల ఇంటాయన నిద్రపోతూ ఉండవచ్చు!

నత్త ఒళ్ళంతా చెమ్మ. ఊపిరి పీల్చినా నీరే ఖర్చు. దారిపొడుగునా జిగురు పరిస్తేగాని ముందుకు సాగలేదు. అటువంటి ప్రాణి 40 డిగ్రీలు దాటే ఎండలో బ్రతికేదెట్లా? నీటికోసం పరుగెత్తలేదు గనుక, ఉన్న నీటిని పొదుపు చేసుకొని కూర్చుంటుంది.

చెరువు నత్తకు పుట్టుకతోనే గట్టి మూత ఉంటుంది. చెరువు ఎండితే బురదలో దూరి మూత బిగించుకుంటుంది. నేల నత్తల్లో చాలావాటికి ఆ భాగ్యం లేదు. అవి తమ జిగురునే గుల్ల నోటికడ్డంగా పూసి, అది ఆరితే తలుపుగా వాడుకుంటాయి. బేతంచెర్ల నాపరాళ్ళలోని సున్నపు పదార్థమే నత్త ఇంటిగోడల్లోనూ ఉన్నది. తలుపు మాత్రం సొంత తయారీ.

తలుపు పడ్డాక గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి తగ్గుతుంది. ఒంట్లో దాచుకున్నదే ఆహారం. మలినాన్ని సైతం మూత్రంగా పోనివ్వక, ఘనరూపంలో లోపలే నిలవ చేసుకుంటుంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు ఈ వేసవి నిద్రను గూర్చి ఎంతో పరిశోధించారు.

ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో నేల 65 డిగ్రీలు కాలుతున్నా, అక్కడి తెల్లని నత్త రోజుకు సుమారు అర మిల్లీగ్రాము నీరు మాత్రమే పోగొట్టుకుంటుందని 1971లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంతకన్న చిత్రమైనది మరొకటి. 1846 మార్చిలో లండన్ బ్రిటిష్ మ్యూజియంవారు ఈజిప్టు నత్తగుల్ల నొకదాన్ని అట్టకు అంటించి ప్రదర్శనలో పెట్టారు. నాలుగేళ్ళకు చూస్తే గుల్ల నోట కొత్త జిగురు! గోరువెచ్చని నీళ్ళలో వేయగానే నత్త బయటికి వచ్చింది. క్యాబేజీ ఆకు తిని, మరి రెండేళ్ళు బ్రతికింది.

అయితే ఈ పొదుపుకూ ఒక హద్దున్నది. అకాలపు జల్లు పడితే వానకాలం వచ్చిందనుకొని నత్త తలుపు తీస్తుంది. మళ్ళీ ఎండ కాస్తే, మరో తలుపుకు మరింత జిగురు, అంటే మరింత నీరు, ఖర్చవుతుంది. తొలి చినుకును నమ్మి విత్తనం చల్లి, పిమ్మట ఆకాశంకేసి చూసే రాయలసీమ రైతు కష్టమూ ఇటువంటిదే గదా!

అందుచేత, ఈ వేసవిలో మీ దొడ్డిగోడకు పొర కట్టిన గుల్ల కనబడితే పిల్లలను పీకనివ్వకండి. పొర చించి చూస్తే పిల్లలకది నిమిషం వినోదం. నత్తకు నెలల నీటి నిలవ. మంచి వాన పడ్డ సాయంత్రం అదే తలుపు తీస్తుంది. అప్పుడు పిల్లలకు చూపించండి.