ఒడ్డుటకు ముందు హద్దు



గతమాసమున ఒకనాటి సాయంకాలము మా పొరుగింటి ఇల్లాలు తన చేతి గాజులు నాలుగును రుమాలులో మూటగట్టుకొని మా ఇంటికి వచ్చెను. ఆమె భర్త జీతము స్వల్పము. పిల్లలిద్దరు బడికి పోవుచున్నారు. కాగితపు విస్తళ్లు చేయు యంత్రమొకటి కొనవలెనని ఆమె సంకల్పము. ఫోనులో ప్రకటన చూచి, అమ్మువానితో మాటలాడినదట. వెల 1,20,000 రూపాయలు. కాగితము అతడే ఇచ్చునట. చేసిన విస్తళ్లన్నియు అతడే కొనునట. మరునాడు గాజులను బ్యాంకులో కుదువబెట్టబోవుచు, నన్నొకమాట అడుగుదమని వచ్చినది.

“అక్కయ్యగారూ! ఇందులో నష్టమన్న మాటయే లేదట” అనెను.

“చెల్లీ, అతడు కొనుట మానినచో?” అని అడిగితిని. ఆమె కొంతసేపు మాటలాడలేదు.

నష్టమే లేని వ్యాపారము లోకమున లేదు. నష్టము ఎంతవరకు పోగలదో ముందుగా తెలిసినదియు, ఆ మేరకు మనము ఓర్చుకొనగలిగినదియు మాత్రమే క్షేమమైన వ్యాపారము. సభాపర్వము చదువునపుడెల్ల నాకీ విషయమే తోచుచుండును. ధర్మరాజు ఓడిపోవుట కంటె, ఎచ్చట ఆగవలెనో నిర్ణయించుకొనకయే పాచికలు పట్టుట పెద్ద దోషము. ధనము పోయెను, సేన పోయెను, తమ్ములు పోయిరి, తాను పోయెను. పిమ్మట ద్రౌపదిని ఒడ్డెను. హద్దు లేని పందెము తుదకు తనది కానిదానిపై చేయి వేయును. పిల్లల చదువు సొమ్మును, ఇంటి దస్తావేజులను, ఆపదకు దాచుకొన్న బంగారమును వ్యాపారమున పెట్టువారు ఈ కథను ఒకమారు తలచుకొనవలెను.

ఈ మాటలు నేను గ్రంథమునుండి మాత్రమే నేర్చినవి కావు. నాలుగేండ్ల క్రిందట నేనును ఆవకాయ వ్యాపారమునకు పూనుకొంటిని. మా అమ్మ చేతి పాళ్లు నాకు వచ్చునన్న ధైర్యము. కాయలు, ఆవపిండి, కారము, నువ్వులనూనె అన్నియు ఒకేమారు కొని ముప్పది కిలోలు కలిపితిని. అప్పటికి గాని నాకు తెలియలేదు, మా వీధిలో ఆవకాయ పెట్టుకొనని ఇల్లు లేదని! రెండు జాడీలలో ముక్కల తడి సరిగా తుడువకపోవుటచే బూజు పట్టెను. ఆషాఢము గడచునప్పటికి 6,000 రూపాయలు పోయినవి. అవి మా అబ్బాయి బడి రుసుమునకు దాచినవి. మావారు నన్ను కోపింపలేదు. నా లెక్కల పుస్తకము చూచి, “లెక్క తప్పలేదు, ప్రశ్నయే తప్పు. ఎంత చేయగలనని అడిగితివి, ఎవరు కొందురని అడుగలేదు” అనిరి. బడిపంతులు మాట, నా కది పాఠమైనది.

ఆ పాఠమునుండి నేను కూర్చుకొన్న నాలుగు ప్రశ్నలను ఆనాడు మా పొరుగామె ముందుంచితిని. ఇప్పుడు మీ ముందును ఉంచుచున్నాను.

మొదటిది: పోయినను ఇల్లు కదలని మొత్తమెంత? ఆ అంకెను వ్యాపారమునకు ముందే కాగితముపై వ్రాసి గోడకు అంటింపవలెను. అది పోయిననాడు ఆగవలెను.

రెండవది: కొనుటకు ముందే అమ్మి చూచితివా? పదియిండ్లకు సరిపోవునంత మాత్రమే చేసి అమ్మి చూడవలెను. చుట్టములు మొదటిమారు మొగమాటమునకు కొందురు. రెండవమారు డబ్బిచ్చి అడిగినవారే నిజమైన కొనుగోలుదారులు. ఆవకాయ చేతులు కాల్చిన పిమ్మట నేను కందిపొడి, కాకరకాయ కారము చేయ మొదలిడితిని. ఆవకాయకు ఏటికొక్కటే కాలము. పొడికి ప్రతివారమును కాలమే. రెండు కిలోలు చేసి, అమ్మిన పిమ్మటనే మరల పప్పు వేయించుదును. భార్యాభర్తలిద్దరును ఉద్యోగములకు పోవు ఇండ్లవారు తామే కబురు పంపుదురు. లాభము కొంచెమే, కాని జాడీలలో సొమ్ము నిద్రపోవుట లేదు.

మూడవది: రేపు మానివేసినచో కొన్న వస్తువు ఎందుకు పనికివచ్చును? మిక్సీ వంటింటికి వచ్చును, కుట్టుమిషను ఇంటి బట్టలకు వచ్చును. అమ్మినను కొంత వచ్చును. ఒక్క పనికే పుట్టిన పెద్ద యంత్రము మూలబడినచో ఇనుము ధరయే.

నాల్గవది: వెల నిర్ణయించునది ఎవరు? దీనికి దృష్టాంతము మా గోదావరి సీమయందే కలదు. నరసాపురపు లేసు అల్లికకు కావలసిన పెట్టుబడి సూదియు దారమును మాత్రమే. అంతకన్న తక్కువ పెట్టుబడి గల పని అరుదు. అయినను జర్మనీ దేశపు సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1982లో వెలువరించిన గ్రంథమున, ఆ స్త్రీల శ్రమను ఇల్లాండ్ర తీరికవేళ పనిగా తలచి కూలి తక్కువ కట్టుటయు, లాభము వర్తకులకు చేరుటయు వివరించెను. పెట్టుబడి తక్కువైనంత మాత్రమున పని క్షేమము కాదు. సరకు ఇచ్చువాడును, కొనువాడును ఒక్కడే అయినచో, మన చేతిలో మిగులునది చాకిరి మాత్రమే.

కొలదితో మొదలైనది కొలదిగనే ఉండిపోవునని నిరాశ పడనక్కరలేదు. 1959వ సంవత్సరము మార్చి 15వ తేదీన బొంబాయిలోని గిర్గాములో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడమీద అప్పడములు ఒత్తిరి. తొలినాడు చేసినవి నాలుగు పొట్లములు. అదియే నేటి లిజ్జత్ అప్పడముల సంస్థ. నేడు వేలాది స్త్రీలు అందు సభ్యురాండ్రు. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ బిరుదము లభించెను. వారు అప్పుచేయలేదని నేననను, తీర్పగలిగినంతయే చేసిరి. వచ్చిన పని, ఎండ, మేడ, ఇంటింట వాడు వస్తువు, ఇవియే వారి మూలధనము.

ఇంకొక మాట. లెక్క వ్రాయునపుడు గ్యాసు, సంచులు, పోయివచ్చు ఖర్చు, అన్నిటికంటె ముఖ్యముగా మీ గంటలకు కూలి వ్రాయుడు. మన శ్రమను మనమే సున్నగా వ్రాసికొన్నచో లాభమని భ్రమపడుదుము. తినుబండారములు అమ్మువారు ఆహార భద్రతా చట్టము ప్రకారము ముందుగా నమోదు చేయించుకొనుట మరువరాదు.

పొరుగామె ఆ రాత్రి నాలుగు ప్రశ్నలను వ్రాసికొని పోయినది. మూడుదినములకు వచ్చి, “మొదటిదానికి 1,500 అని వ్రాసితిని, అక్కయ్యగారూ. తక్కిన మూడింటికి ఆ యంత్రము జవాబు చెప్పలేదు” అనెను. ఆమె ఇంట పాత కుట్టుమిషను కలదు. ఆ సొమ్ముతో దారములు, ఫాల్సు కొని, చీరలకు అంచులు కుట్టుట మొదలిడినది. మొదటి మాసమున పదునొకండు చీరలు వచ్చినవి. వానిలో నాలుగు రెండవమారు వచ్చినవారివి. ఇది నిలుచునో నిలువదో ఇంకను చెప్పజాలము. నిలువకపోయినను పోవునది 1,500 మాత్రమే.

నిన్న సాయంకాలము ఆమె మా అరుగుపై కూర్చుండి సూదిలో దారమెక్కించుచుండెను. చేయి కదలినప్పుడెల్ల నాలుగు గాజులును గలగలలాడుచుండెను.