బృందనాదం

సంగీతం ఏకాంత సాధనతో సిద్ధించే విద్య అన్నది తెలుగునాట స్థిరపడిన భావన. ఆ మాట వినగానే వేకువజామున తంబురా ముందు కూర్చున్న ఒంటరి గాయకుని రూపం మనసులో మెదులుతుంది. ఈ భావనలో అసత్యం లేదు గాని, సత్యమంతా ఇందులో ఇమిడి లేదు. పదిమంది కలిసి నడుస్తూ, ఆ నడకలోనే నాదాన్ని పుట్టించే విద్య వేరొకటి ఉంది. దానికి కావలసిన ప్రతిభ వేరు, శిక్షణ వేరు. ఆ విద్యలో నేడు లోకం ఆశ్చర్యంతో చూస్తున్నది జపాను దేశపు పాఠశాల విద్యార్థులను.

క్యోటో నగరంలోని తచిబానా ఉన్నత పాఠశాల వాద్యబృందం 1961లో ఏర్పడింది. బాకాలు, క్లారినెట్లు, శాక్సఫోన్లు, డ్రమ్ములు చేతబూని, నారింజరంగు దుస్తులు ధరించి, సుమారు వందమంది బాలబాలికలు వీథిలో సాగిపోతారు. అది సైనికుల కవాతు వంటి బిగువైన నడక కాదు. వారు ఎగురుతారు, వంగుతారు, గిరుక్కున వెనుదిరుగుతారు. ఇంతలోనూ పెదవి వాద్యాన్ని విడువదు, శ్రుతి చెదరదు. అమెరికాలోని పాసడీనా నగరంలో నూతన సంవత్సరారంభాన జరిగే గులాబీల ఊరేగింపులో ఈ బృందం 2012, 2018, 2025 సంవత్సరాలలో పాల్గొన్నది. ఆ దారి పొడవు దాదాపు 9 కిలోమీటర్లు. పరుగెత్తి వచ్చి వెంటనే పాట అందుకోబోయిన వారికి ఆ దూరం ఎంతటిదో తెలుస్తుంది. ఈ పిల్లల వయస్సు పదిహేను మొదలు పదునెనిమిది. అంటే ఇంటర్మీడియట్ చదివే విద్యార్థుల వయస్సే.

ఇంతటి నైపుణ్యానికి కారణమేమని అడిగితే, 'ఆ జాతి క్రమశిక్షణ అటువంటిది' అని తేల్చివేసేవారు అనేకులు. ఇది సమాధానం కాదు. సమాధానం వెదికే శ్రమను తప్పించుకొనే ఉపాయం. ఇత్తడి వాద్యాలు జపానువారికి పుట్టుకతో వచ్చినవి కావు. 1869లో సత్సుమా సంస్థానానికి చెందిన సుమారు ముప్పైమంది యువకులు యొకొహామాలో జాన్ విలియం ఫెంటన్ అనే బ్రిటిషు సైనిక బ్యాండు నాయకుని వద్ద ఆ విద్యకు శ్రీకారం చుట్టారు. పదేండ్లు తిరిగేసరికి, 1879లో, పాఠశాలల్లో సంగీత బోధన ఎట్లా సాగాలో నిర్ణయించడానికి ఆ ప్రభుత్వం ఒక ప్రత్యేక శాఖనే నెలకొల్పింది. జాతీయ స్థాయి వాద్యబృందాల పోటీ 1940లో ఆరంభమై, యుద్ధకాలంలో ఆగి, 1956లో మళ్లీ మొదలైంది. పరాయి సైన్యం తెచ్చిన బాకాను బడిపిల్లల చేతికి అందించాలన్న సంకల్పం, తరువాతి తరాల కృషి కలిసి ఈ ఫలితాన్ని ఇచ్చాయి. రక్తంలో లేనిదాన్ని బడి అలవాటు చేసింది.

అలవాటు చేసిన తీరు గమనింపదగినది. సాయంకాలం తరగతులు ముగిసిన తరువాత విద్యార్థులు తాము ఎంచుకొన్న సంఘాలకు వెళ్తారు. ఒకరిది బంతి ఆట, ఒకరిది చిత్రలేఖనం, ఒకరిది వాద్యబృందం. ఖరీదైన పెద్ద వాద్యాలు సాధారణంగా పాఠశాల ఆస్తి. వాద్యమే ముట్టని బాలిక చేరినా, ఆమెకు దాన్ని పట్టుకోవడం, తుడవడం, ఊపిరి నిలపడం నేర్పేది చాలావరకు పై తరగతి విద్యార్థులే. అట్టి పెద్దవారిని 'సెంపాయ్' అనీ, చిన్నవారిని 'కోహాయ్' అనీ వ్యవహరిస్తారు. మూడేండ్లు గడిచాక పెద్దలు వెళ్లిపోతారు. వాద్యమూ, వాయించే పద్ధతీ బడిలో మిగులుతాయి. తరగతి గదిని తామే ఊడ్చుకొనే పిల్లలకు వాద్యాల గది సర్దుకోవడం వింత పని కాదు. ఉపాధ్యాయుడు ఒక్కడే అయినా, బోధించేవారు ముప్పైమంది ఉన్నట్లు లెక్క.

ఇక తెలుగువారి సంగతి. ఇంగ్లీషు బ్యాండు చెన్నపట్నపు కోటలో మ్రోగిన కాలం జపాను కంటే ఎంతో ముందుది. ఆ బాణీలను విన్న ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) వాటికి సంస్కృత సాహిత్యం కూర్చగా అవి 'నొట్టు స్వరాలు' అయినాయి. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్ అభ్యసించి కర్ణాటక సంగీతంలో దానికి చోటు కల్పించాడు. పండితులు ఇంత ఆదరంగా స్వీకరించిన ఆ వాద్యసంప్రదాయంలో బాకా, డ్రమ్ము మాత్రం బడి గడప తొక్కలేదు. అవి పోలీసు మైదానానికీ, పెండ్లి ఊరేగింపుకూ పోయాయి. బ్యాండు మేళంలో వాయించేవాని పేరు పెండ్లివారిలో ఎవరూ అడగరు. ఇప్పుడు డీజే పెట్టెలు వచ్చి ఆ జీవనాధారాన్ని కూడా లాగివేసుకొంటున్నాయి.

నడుస్తూ నాదం పుట్టించే విద్య తెలుగునాట లేకపోలేదు. కాకతి గణపతిదేవుని సేనాని జాయపుడు 13వ శతాబ్దిలో సంస్కృతంలో రచించిన 'నృత్తరత్నావళి'లో కర్రలు చేబూని బృందంగా ఆడే దండరాసకాన్ని వర్ణించాడు. నేటి కోలాటం దానికి దగ్గరి చుట్టం. రాయలసీమలోనూ, నెల్లూరు సీమలోనూ ప్రచారంలో ఉన్న చెక్కభజన దీనికంటే క్లిష్టమైనది. చేతిలో చెక్కల తాళం, కాలికి గజ్జెలు, నోట పాట. మూడూ ఒకే లయలో సాగాలి, వరుస చెదరరాదు. తిరుమల బ్రహ్మోత్సవాలలో వాహనసేవకు ముందు మాడవీథులలో నడిచే చెక్కభజన బృందాన్ని నిదానించి చూసినవారికి క్యోటో పిల్లల విద్య అపరిచితమనిపించదు. నేర్చుకొనే తీరు కూడ అటువంటిదే. పొలం పనులు ముగిశాక రామాలయం ముందు చేరడం, గురువు మధ్యలో నిలిచి పలికించడం, అడుగు తప్పినవానిని పక్కవాడు సరిదిద్దడం. ప్రవేశపరీక్ష లేదు, పట్టా లేదు. చదువురానివానికీ అందులో చోటు ఉంది.

అయితే ఆ రామాలయం అరుగుకూ, కళాశాల ఆవరణకూ మధ్య దారి పడలేదు. నాయుడుపేటనే తీసుకొనవచ్చు. స్వర్ణముఖి తీరాన, చెన్నై-కోల్‌కతా రహదారిపై, శ్రీకాళహస్తి దారి చీలే చోట ఉన్న పట్టణం ఇది. 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. దక్షిణాన తడ సమీపంలోని శ్రీసిటీలో జపాను సంస్థలు కర్మాగారాలు నెలకొల్పాయి. ఇసుజు వాహనాల కర్మాగారం 2016లో ప్రారంభమైంది. జపానువారి యంత్రం, జపానువారి పని పద్ధతి ఈ ప్రాంతపు యువకులకు చేరువైనాయి. ఆ పద్ధతికి పునాది వేసిన సాయంకాలపు గంట మాత్రం చేరువ కాలేదు. ఇంటర్మీడియట్ అనగానే ఈఏపీసెట్, జేఈఈ, నీట్ అనే మాటలే వినబడతాయి. ఉదయం స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ఆగస్టు 15 దగ్గరపడితే వారంరోజులు డ్రమ్ము బయటికి వస్తుంది. పదహారో తేదీన బీరువాలోకి వెళ్తుంది.

'పోటీ పరీక్షల ఒత్తిడిలో పాటలెక్కడ?' అని తల్లిదండ్రులు అడుగుతారు. వారి భయం న్యాయమైనదే; ఒక సీటుతో ఇంటి బ్రతుకు మారుతుందన్న ఆశ చిన్నది కాదు. కాని ప్రవేశపరీక్షల కాఠిన్యంలో జపాను తక్కువది కాదు. అక్కడ చివరి ఏడు సగం గడిచాక అనేకులు సంఘాన్ని వీడి చదువులో మునుగుతారు. అంతవరకు సాయంకాలం వారిదే. ఇక్కడ ఆ సాయంకాలాన్ని పదో తరగతికి ముందే తీసివేసుకొంటున్నారు. సంగీతానికీ మార్కులు కేటాయిస్తే సరిపోతుందని కొందరి సూచన. అంతకంటే ప్రమాదం లేదు. మరుసటి ఏడే చెక్కభజనకు గైడు పుస్తకం వస్తుంది.

జపాను పద్ధతి నిర్దోషమని భ్రమపడనవసరం లేదు. సెలవుదినాలను సైతం మింగివేసే సాధన, పెద్దవారి పెత్తనం, విశ్రాంతి ఎరుగని ఉపాధ్యాయులు - వీటిపై అక్కడే తీవ్ర విమర్శ వచ్చింది. 2018లో ఆ ప్రభుత్వమే మార్గదర్శకాలు ప్రకటించి వారానికి రెండు దినాల విరామం, బడి ఉన్న రోజుల్లో సుమారు రెండు గంటల సాధన, సెలవుల్లో మూడు గంటలు అని పరిమితి సూచించింది. 2023 నుంచి వారాంతపు సాధనను క్రమంగా స్థానిక సమాజాలకు అప్పగించే ప్రయత్నం సాగుతున్నది. వారు అతిని తగ్గించుకొంటున్నారు. శూన్యంలో ఉన్నవారు ఆ అతిని చూసి భయపడడం విచిత్రం.

నాయుడుపేటలోని ఒక జూనియర్ కళాశాల ఈ పని మొదలుపెట్టదలిస్తే లండను బాకాల అవసరం లేదు. ఇరవై జతల చెక్కలు, గజ్జెలు, వారానికి మూడు సాయంకాలాలు, పరిసర గ్రామాల నుంచి గౌరవవేతనంపై పిలిచిన ఒక భజన గురువు చాలు. మొదటి ఏడు నేర్చినవారు రెండో ఏడు కొత్తవారికి నేర్పుతారు. గురువును పిలిచేటప్పుడు ఆయన పేరు కళాశాల నోటీసు బోర్డుపై అధ్యాపకుల పేర్ల వరుసలోనే వ్రాయాలి.