ఆహార్యానికొక చిట్టా

నాటకం ప్రస్తావన వచ్చినప్పుడు మనవారు పద్యాన్ని మెచ్చుకొంటారు. రాగాన్ని తూకం వేస్తారు. నటుని గాత్రాన్ని గురించి తెల్లవార్లూ వాదిస్తారు. అతడు ధరించిన వస్త్రాన్ని తలచుకొనేది మాత్రం అది రంగస్థలం మీద చిరిగినప్పుడే. నేపథ్యమనే మాటకు వేషమనీ, వేషం ధరించే చోటనీ సంస్కృతంలో అర్థం. ఇప్పుడు మనం దానిని వెనుకటి సంగతులనే అర్థంలోనే ఎక్కువగా వాడుతున్నాం. మాటతోపాటు ఆ పని కూడా మన దృష్టిలో వెనుకబడింది.

భరతముని దృష్టి అట్టిది కాదు. ఆంగిక, వాచిక, సాత్త్వికాల సరసన ఆహార్యాన్నీ అభినయంగానే గణించి, దానికొక అధ్యాయం కేటాయించాడు. నాటక బృందాన్ని వివరించేచోట సూత్రధారునితోపాటు కిరీటాలు చేసేవానినీ, ఆభరణాలు చేసేవానినీ, మాలలు కట్టేవానినీ, రజకునీ లెక్కలో చేర్చాడు. రంగం మీదికి రానివారికి సైతం రంగంలో వాటా ఉన్నదని దీని తాత్పర్యం.

ఆ వాటాకు నేడు కావలసిన గౌరవం ప్రశంస కాదు, చిట్టా. హరిశ్చంద్ర నాటకాన్నే చూడండి. పట్టుబట్టలతో, కిరీటంతో ప్రవేశించిన రాజు రాజ్యాన్ని పోగొట్టుకొని, ఆలుబిడ్డలను అమ్ముకొని, చివరకు గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని కాటిని కాస్తాడు. ఆయన పతనమంతా బట్టలలోనే కనపడుతుంది. ఇక చంద్రమతి మంగళసూత్రమో! భర్తకు తప్ప అన్యులకు కనపడని ఆ సూత్రం వల్లనే ఆమె ఎవరో ఆయన గుర్తిస్తాడు. రాణి నగలన్నీ తీసి దాసి వేషం వేసుకొనే తొందరలో దానిని కూడా పెట్టెలో పడవేస్తే శ్మశానరంగం ఏమి కావాలి? లోకానికి కనపడనిది కూడా చిట్టాకు కనపడి తీరాలి.

ఈ చిట్టా బ్రహ్మవిద్యేమీ కాదు. మొదట ఏ రంగంలో ఏ పాత్ర ఏ వేషంలో ఉంటుందో చూపే పట్టిక. అడ్డంగా రంగాలు, నిలువుగా పాత్రలు. తరువాత ఒక్కొక్క వేషానికి తలపాగా మొదలు కాలి గజ్జె వరకు వస్తువుల జాబితా. వేషం మార్చుకొనడానికి ఎన్ని నిమిషాలున్నవి, నటుడు ఏ పక్కనుండి వస్తాడు, ముడి విప్పేదెవరు, కొత్త అంగీ అందించేదెవరు అన్నదానికొక చీటి. అద్దెకు తెచ్చిన వాటికీ, చాకలికి వేసిన వాటికీ, కుట్టు వదిలిన వాటికీ వేరువేరు పద్దులు. చివరిది నటీనటుల కొలతల పత్రం. దీనిని మాత్రం తాళం వేసి ఉంచాలి. ఒక నటి కొలతలు దర్జీకి అవసరం కాని, నలుగురి నోట పడవలసిన విషయం కాదు.

కళాకారులకు ఈ గుమాస్తాగిరి ఏమిటని కొందరు ఆక్షేపించవచ్చు. సురభివారు ఏ చిట్టా చూసి ఆడారని కూడా అడగవచ్చు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ సంప్రదాయంలో కుటుంబమే నాటక సమాజం. పిల్లలు పెట్టెల నడుమనే పెరిగారు. తల్లికి తెలిసినది బిడ్డకు తెలిసింది. అక్కడ జ్ఞాపకమే చిట్టా. నేటి సమాజాలు అట్టివి కావు. బ్యాంకు నుండి ఒకరు, బడి నుండి ఒకరు వచ్చి నాలుగు రాత్రులు కలుస్తారు, విడిపోతారు. కలిసి బ్రతకనివారికి ఉమ్మడి జ్ఞాపకం ఎక్కడిది? భారమంతా పెట్టెలు సర్దే ఒక్క మనిషి తలమీద పడుతుంది. ఆయనకు జ్వరం వస్తే భీముని గద ఉన్నా భుజకీర్తులు దొరకవు. తప్పు మాత్రం ఆయనదే అవుతుంది. చిట్టా ఉన్నచోట ఆ నింద ఉండదు.

మరొక ప్రయోజనం కాలం మీదగాని తెలియదు. లండనులో ఫిలిప్ హెన్‌స్లో అనే నాటకశాల యజమాని పద్దులు వ్రాసి ఉంచాడు. 1603లో థామస్ హేవుడ్ వ్రాసిన ఒక నాటకానికి 6 పౌన్లు, అందులోని నాయిక మఖమలు గౌనుకు 6 పౌన్ల 13 షిల్లింగులు! కవి కంటె కోక ఖరీదైన ఆ కాలాన్ని ఏ విమర్శకుడు ఇంత సూటిగా చెప్పగలడు? ఆయన బృందం 1598 నాటి జాబితాలలో అదృశ్యుడై తిరిగేవాడు ధరించే అంగీ ఒకటి ఉన్నది. 1790లో మెలోన్ అనే పండితుడు వాటిని అచ్చు వేయించాడు. ఆ తరువాత మూలప్రతులు కనపడకుండా పోయినవి. బట్ట పోయింది, కాగితం పోయింది; నకలు నిలిచింది. షేక్స్పియరు కాలపు రంగస్థలాన్ని నేటి పండితులు ఊహించుకొంటున్నది ఇట్టి లెక్కల ఆధారంతోనే.

మన నాటక పరిషత్తులు రచన ప్రతిని అడుగుతున్నట్లే ఆహార్యపు చిట్టా ప్రతిని కూడా అడగాలి. రంగస్థల కళలు బోధించే విశ్వవిద్యాలయాలు వాటిని భద్రపరచాలి, విద్యార్థులచేత వ్రాయించాలి. ప్రతి చిట్టా చివర దానిని వ్రాసినవారి పేరు, కుట్టిన దర్జీ పేరు, ఉతికినవారి పేరు ఉండాలి. జరీ నల్లబడుతుంది, పట్టు చివుకుతుంది. ఆ పేర్లయినా మిగలనిద్దాం.