మోటుపల్లి రేవులో మిరప బస్తాలా?

సంక్రాంతి బొమ్మల కొలువు మీరు చూసే ఉంటారు. కొండపల్లి ఎడ్లబండి పక్కన ప్లాస్టిక్ తుపాకి సిపాయి, వాడి వెనక వాడికన్నా చిన్న ఏనుగు! ఎవరూ తప్పు పట్టరు, అది వేడుక. కాని అవే బొమ్మలను సైన్సు ప్రదర్శనలో బల్లమీద పేర్చి, ముందు "క్రీ.శ. 1244, మోటుపల్లి రేవు" అని అట్టముక్క నిలబెట్టారనుకోండి. ఆనాడు ఇక్కడ ఇలా ఉండేదని చూడవచ్చినవాళ్ళకు మీరు చెబుతున్నట్టే. ఎలా తెలుసని అడిగితే జవాబు చెప్పవలసిందీ మీరే.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ళ కిందట ఒక ప్రదర్శనలో న్యాయనిర్ణేతగా కూర్చుని, సరిగ్గా ఇలాంటి నమూనాకే మొదటి బహుమతి ఇచ్చాను. థర్మాకోల్ ఒడ్డు, నీలిరంగు సముద్రం, ఓడ, కూలీల వీపులమీద ఎర్రటి మిరపకాయల బస్తాలు. మన ప్రాంతపు పంట కదా అని మురిసిపోయాను. బహుమతులు పంచడం అయ్యాక ఏడో తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, "మాస్టారూ, అప్పటికి మనకు మిరపకాయలు ఉన్నాయాండీ?" అంది.

లేవు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబస్ అటు వెళ్ళిన తరువాతే అది మిగతా ప్రపంచానికి తెలిసింది. మన దేశానికి పోర్చుగీసువాళ్ళ ద్వారా 16వ శతాబ్దంలో వచ్చింది. పొగాకు కూడా అమెరికా నుంచి వచ్చిందే. మిరప చేల మధ్య ఇరవై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు తట్టలేదు!

మరి ఆ రేవులో ఏ సరుకులు దిగేవి? ఊహించనక్కరలేదు. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, 2022 వరకు ప్రకాశం జిల్లాలో ఉండేది. అక్కడి వీరభద్రాలయం దగ్గర కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో వేయించిన శాసనం ఉంది. గాలివానకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం ముప్పయ్యో వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోననీ వర్తకులకు అభయమిచ్చాడు. సుంకాల పట్టికలో గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, పోకలు ఉన్నాయి. మిరియాలున్నాయి, చూశారా! మీ బస్తాలను నల్లని మిరియాలతో నింపండి. పక్కన నూలుబట్టల మూటలు పెట్టండి. ఆ శతాబ్దం చివర మార్కో పోలో ఈ రాజ్యపు సన్నని బట్టలను మెచ్చుకున్నాడు.

ఇక కొలతలు. రకరకాల పెట్టెల్లోని బొమ్మలు కలపవద్దని కొందరు ఉపాధ్యాయులు అంటారు. నేను ఒప్పుకోను. కొత్త సెట్టు కొనడానికి అందరిదగ్గరా డబ్బు ఉండదు. లెక్క తెలిస్తే కలపవచ్చు. మీ బొమ్మ మనిషి ఎత్తు 5.5 సెం.మీ. అనుకుందాం. అసలు మనిషి 165 సెం.మీ. అంటే బొమ్మ ముప్పయ్యో వంతు. (సుంకం లెక్కే!) దుకాణంలో దొరికే 15 సెం.మీ. ఓడ ఆ లెక్కన నాలుగున్నర మీటర్ల పడవ అవుతుంది. అందులో సముద్రం దాటే వర్తకుణ్ణి ఎక్కిస్తే నవ్వుతారు. కాని దాన్ని పారెయ్యకండి. చూసేవాడి కన్ను బొమ్మ మనుషుల ఎత్తులో ఉండేట్టు అట్టలో రంధ్రం చెయ్యండి. మనుషులను ఆ రంధ్రానికి 60 సెం.మీ. దూరంలోనూ, ఓడను ఒక మీటరు దూరంలోనూ ఉంచండి. 100 సెం.మీ. దూరంలోని 15 సెం.మీ. వస్తువూ, 120 మీటర్ల దూరంలోని 18 మీటర్ల ఓడా కంటికి ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. త్రికోణాలు గీసి చూడండి.

ఓడ దూరంగా ఉండడమే సబబు కూడా. మన తీరంలో అలలు ఒడ్డున విరుగుతాయి. పెద్ద ఓడలు లోపలే లంగరు వేసేవి, సరుకు చిన్న పడవల్లో ఒడ్డుకు వచ్చేది. ఆ పనికి మన తీరంలో చాలాకాలం వాడినవి మసూలా పడవలు. వాటి పలకలకు మేకులు ఉండవు, కొబ్బరితాడుతో కుడతారు. అల కొట్టినప్పుడు కుట్టు కాస్త సాగుతుంది, పలక పగలదు. వెదురు చీలికలతోనో అట్టతోనో చేసి, సూదీ దారంతో మీరే కుట్టవచ్చు.

దుకాణంలో కొన్నది సముద్రపు దొంగల ఓడ అయితే పుర్రె జెండా తీసెయ్యండి, ఫిరంగి రంధ్రాలను మైనంతో పూడ్చండి. 1244లో మన సముద్రంలో ఫిరంగుల ఓడలు లేవు. పొగగొట్టం ఉన్న ఓడ ఎలాగూ పనికిరాదు. ఓడకు రెండు తెరచాప కొయ్యలు పెట్టవచ్చు. శాతవాహన యజ్ఞశ్రీ సీసపు నాణేలమీద అలాంటి ఓడ ఉంది. అయితే ఆ నాణెం మోటుపల్లి శాసనానికి వెయ్యేళ్ళ ముందుది. ఆ మాట అట్టమీద రాయాలి. "సరుకులు: శాసనం నుంచి. ఓడ: పాత నాణెం చూసి. కుట్టు పడవ, కూలీల తలపాగాలు: మా ఊహ." ఇంత రాస్తే నమూనా విలువ తగ్గుతుందని భయపడకండి. నా దృష్టిలో ఆ అట్టకే ఎక్కువ మార్కులు రావాలి.

న్యాయనిర్ణేతలకు ఇచ్చే కాగితంలో అందానికి గడి ఉంది, శ్రమకు ఉంది. "ఎలా తెలుసు?" అన్నదానికి నేను చూసిన ఏ కాగితంలోనూ లేదు. ఆ బహుమతి ఇచ్చిన ఏడాది నుంచి నేను మార్కుల కాగితం అంచున పెన్సిలుతో ఆ గడి గీసుకుంటున్నాను.